ముల్లు వణికిన చోట

మరో బస్సు గేటు దాటి డిపోలోకి తిరిగింది. కిటికీ ఊచల సందు నుంచి దాని నుదుటి బోర్డు కనబడేలోపే ఆమె లేచి నిలబడింది. కనబడ్డాక, అది తాను ఎదురుచూస్తున్న కొండదారి బస్సు కాదని తెలిశాక, మళ్ళీ ఇనుప మంచం అంచున కూర్చుంది. రావలసిన వేళ దాటిపోయింది. ఎంత దాటిందో గోడ గడియారం చెబుతూనే ఉంది గాని ఆమె దానివైపు చూడటం మానేసింది, ఎందుకంటే చూసినప్పుడల్లా మనసు ఆ బస్సును ఒక కొత్త చోట తెచ్చి నిలబెడుతోంది, ఒకసారి లోయ పక్క మలుపులో, ఒకసారి ఇరుకు వంతెన మీద, ఒకసారి బడి వదిలిన పిల్లలు బారులు తీరి రోడ్డు దాటుతున్న చోట. ఒళ్ళో నల్ల సంచి, సంచిలో రక్తపోటు చూసే పరికరం. దాని రబ్బరు గొట్టం మెడ బయటికి చాచి మోకాలికి చల్లగా తగులుతోంది. ఉదయం ఈ గదిలోనే, ఈ మంచం పక్కనే, ఆ బస్సు నడిపే మనిషి చేతికి పట్టీ చుట్టి చూసి, పరవాలేదు, వెళ్ళొచ్చు అని చెప్పింది. ఆ మాట తప్పు కావచ్చు. కావచ్చు ఏమిటి, తప్పే. ఆ సంగతి తెలిసేసరికి ఆయన బండి గేటు దాటి చాలాసేపయింది.

ఇది డ్రైవర్ల విశ్రాంతి గది. విశ్రాంతి పేరుకే, గోడల నిండా మేకులు, మేకులకు ఖాకీ చొక్కాలు, చొక్కాల మెడల దగ్గర చెమట ఆరి తెల్లబడిన చారలు, గది అంతా డీజిలూ తలనూనే కలిసిన వాసన. మూల మంచం మీద ఒకాయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు, ఆయన ఊపిరి మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చిపోతోంది, ఆమె తనకు తెలియకుండానే దాన్ని గమనిస్తోంది, ఇప్పుడిక ఏ ఊపిరినీ గమనించకుండా ఉండలేదు కాబోలు. ఎదురుగా ఉదయం తాము అతికించిన గుండె బొమ్మ. ఎరుపూ నీలం రంగుల్లో, గదులూ గొట్టాలూ విడమరిచి చూపిస్తూ. కింద మూల జిగురు ఊడి, పంకా తిరిగినప్పుడల్లా ఆ కాగితం గోడను మెల్లగా కొడుతోంది. వార్డులో రోగి మన దగ్గరికొస్తాడు, తప్పదు కాబట్టి వస్తాడు, తప్పనిసరి కాని మనిషి దగ్గరికి మీరు వెళ్ళి నేర్చుకోండి అని మేడమ్ ప్రతి నెలా ఆఖరి సంవత్సరం విద్యార్థులను వెంటేసుకుని ఇలాంటి చోట్లకు తీసుకొస్తుంది. మేడమ్ గుండె విభాగంలో ప్రొఫెసరు. పోయిన నెల కూరగాయల మార్కెట్టు, అంతకు ముందు ఇటుకల బట్టీ, ఇవాళ బస్సు డిపో. గుండె గురించి నాలుగు మాటలు చెప్పమని మేడమ్ అంటే ఉదయం విద్యార్థుల్లోంచి ఆమే నిలబడి చెప్పింది, ఉప్పు గురించి, పొగ గురించి, నిద్ర గురించి. వెనక వరసలోంచి ఎవరో, గుండెలు తీసిన బంట్లం తల్లీ మేము, మా దగ్గర గుండెలెక్కడివి చూడటానికి, అన్నారు. గది గదంతా నవ్వింది. ఆమే ఎక్కువ నవ్వింది. ఆ అన్న మనిషి ఈ కొండబస్సు నడిపే ఆయనే.

ఉదయం ఆమె ముందు వరస పొడుగ్గా ఉంది, మేడమ్ ముందు దాదాపు ఎవరూ లేరు. డ్యూటీ ఎక్కే వేళ దగ్గర పడుతోంది, ఒకరి వెనక ఒకరు చేతులు మడుచుకుని, త్వరగా తల్లీ, త్వరగా డాక్టరమ్మా అంటున్నారు. త్వరగా అన్న మాటకు ఆమెకు మొదటి నుంచీ ఒక బలహీనత ఉంది. సావాసగాళ్ళు ఆమెను మెరుపు అంటారు. వార్డులో నలుగురు కలిసి చేసే పని ఒక్కతే చేసి, చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి మిగతావాళ్ళ కోసం చూస్తుందని పెట్టిన పేరు. వెక్కిరింతగా మొదలై మెప్పుగా మారిన పేరు. మెప్పు మనిషిని తినేస్తుందని ఎవరూ చెప్పలేదు, చెప్పినా మెరుపు ఆగి వినేదా. పట్టీ చుట్టేముందు మణికట్టు మీద వేళ్ళుంచి నాడి పట్టుకోవాలి, పట్టుకుని గాలి కొట్టాలి, నాడి ఎక్కడ మాయమవుతుందో అక్కడికి కొంత పైదాకా కొట్టి, అప్పుడు గాలి వదులుతూ వినాలి. రెండో ఏడాది మొదటి నెలలోనే నేర్పే పాఠం అది, పరీక్షలో అడిగితే పొల్లుపోకుండా అప్పజెప్పే పాఠం. అప్పజెప్పిన వాళ్ళంతా నెల తిరక్కముందే దాన్ని వదిలేస్తారు, ఎందుకంటే నూటికి తొంభైమందిలో ఆ మెట్టు ఎక్కకపోయినా అదే అంకె వస్తుంది, సమయం కలిసొస్తుంది. ఆమె కూడా వదిలేసింది. అందరి కంటే ముందే వదిలేసి ఉంటుంది.

ఆయన చేయి లావుగా, ఎండకు కమిలి, మోచేతి పైన తెల్లగా ఉంది. చొక్కా చేయి మడిచిన గీతకు అటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి అన్నట్టు. కూర్చోగానే, కుడిదా ఎడమదా, రెండూ గేర్లు మార్చిన చేతులే, అన్నాడు. ఆమె నవ్వి పట్టీ చుట్టింది, రబ్బరు బుడ్డి గబగబా నొక్కింది, ముల్లు నూట డెబ్బై దాకా లేచింది, చెవుల్లో ఏమీ వినబడలేదు, వినబడకపోతే చాలినంత గాలి కొట్టినట్టే కదా, మెల్లగా వదిలింది. నిశ్శబ్దం. ముల్లు దిగుతోంది. అప్పుడు కన్ను చూసింది, చెవి వినలేదు గాని కన్ను చూసింది: చప్పుడేమీ లేకుండానే ముల్లు చిన్నగా వణికింది, అడుగడుగునా ఉలిక్కిపడుతున్నట్టు, గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడల్లా ఒక్కసారి. ఆమె దాన్ని చూసింది. ఈ పరికరం పాతది అనుకుంది. ఆ పక్కనే ఎవరో తలుపు ధడాలుమని వేశారు, దానికి అదిరిందనుకుంది. ఏదో ఒకటి అనుకుని సాగిపోవడం ఎంత తేలిక. నూట నలభై ఎనిమిది దగ్గర చప్పుడు మొదలైంది, టక్కు టక్కుమని, పరిచయస్తుడు తలుపు తట్టినట్టు. ఆమె హాయిగా ఆ అంకె చెప్పేసింది. కొంచెం ఎక్కువుంది బాబాయ్, ఉప్పు తగ్గించండి, నెల తర్వాత చూపించుకోండి. బండెక్కొచ్చా, అన్నాడాయన. అడిగింది అదొక్కటే. ఎక్కొచ్చు బాబాయ్, అంది. అనేశాక తర్వాతి చేయి.

పంకా గాలికి కాగితం గోడను కొట్టింది. బయట ఎవరో టైరు దొర్లించుకుపోతున్నారు, ఆ చప్పుడు దగ్గరకొచ్చి, కిటికీ కిందుగా పోయి, దూరమైంది.

వరస అయిపోయాక సంచులు సర్దుకుంటున్నప్పుడు మేడమ్, ఏదీ, నాకొకసారి చూడు అని కుర్చీలో కూర్చుని చేయి చాచింది.  ఆమె పట్టీ చుట్టి బుడ్డి నొక్కబోతుంటే మేడమ్ ఆపి, వేళ్ళేవి, అంది. అంతే, ఒక్కటే మాట. కోపం లేదు గొంతులో, ఉంటే బాగుండేది. ఉదయమంతా ఇలాగే చూశావా? వరస పెద్దది మేడమ్, అని గొణిగింది. మేడమ్ అందర్నీ కూర్చోమని చెప్పింది: కొందరిలో, ముఖ్యంగా ఏళ్ళ తరబడి పోటు పెరిగి నాళాలు గట్టిపడిన వాళ్ళలో, చప్పుడు ఒకసారి మొదలై, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ కింద మొదలవుతుంది, ఆ మధ్యలో నిశ్శబ్దం తప్ప ఏమీ ఉండదు, నువ్వు గాలి సరిగ్గా ఆ నిశ్శబ్దంలోకే కొట్టి ఆపితే కింద వినబడిందే మొదటి చప్పుడనుకుంటావు, రెండు వందలున్న మనిషికి నూట యాభై చెప్పి ఇంటికి పంపిస్తావు. చెవికి తెలియదు గాని నాడికి తెలుస్తుంది, అప్పుడప్పుడు ముల్లు కూడా చెబుతుంది, చప్పుడు లేకుండా వణుకుతుంది. వణుకుతుంది అన్న మాట దగ్గర ఆమెకు ఉదయం చూసిన ముల్లు గుర్తొచ్చింది. ఎవరికైనా అనుమానం ఉందా, అని మేడమ్ అడిగితే, ఒకాయనకుంది మేడమ్, అంది. అయితే ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మళ్ళీ చూడు, నేను వార్డు చూసుకుని ఫోను చేస్తాను, అంది మేడమ్. అలాగే మేడమ్. ఆయన బస్సు నడుపుతున్నాడని, ఇప్పటికే కొండెక్కుతూ ఉంటాడని, అరవైమంది దాకా జనం ఆయన వెనక కూర్చుని కునుకు తీస్తూ ఉంటారని ఆమె చెప్పలేదు. నోట్లో మాట నోట్లోనే ఉండగా మేడమ్, మిగతావాళ్ళు ఎక్కిన కాలేజీ వ్యాను కదిలిపోయింది. వీడియోలు తీస్తూ ఎప్పుడూ వాగుతుండే సావాసగాడొకడు కిటికీలోంచి చేయి ఊపి, మెరుపూ, పిడుగు పడిందా, అని అరిచాడు. రోజూ అయితే బదులు చెప్పేది.

ఎందుకు చెప్పలేదు. చెబితే ఏమయ్యేది. మేడమ్ అక్కడే ఫోను తీసేది, బస్సు ఆపించేది, డిపో అంతా పోగయ్యేది, ఆ పోగు మధ్యలో తాను. ఇంట్లో కూడా ఇంతే. మూడో అంతస్తు వాళ్ళ ఇల్లు, లిఫ్టు లేదు. అమ్మ కూరల సంచితో మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ ఆగి, సంచి కింద పెట్టి, వంగి చెప్పు పట్టీ సర్దుకునేది. నాన్న నవ్వేవాడు, మీ అమ్మ చెప్పుకు మెట్టుకో జబ్బు, కొత్తవి కొన్నా అదే తంతు, అని. అందరూ నవ్వేవాళ్ళు, అమ్మ కూడా. నాలుగో ఏడాది గుండె వార్డులో, ఆయాసం దాచుకునేవాళ్ళు ఏం చేస్తారో మేడమ్ చెబుతున్నప్పుడు, అంగడి అద్దాల్లోకి చూస్తారు, ఫోను మాట్లాడుతున్నట్టు ఆగుతారు, చెప్పు సర్దుకుంటారు అన్నప్పుడు, ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఆ ఆదివారం ఇంటికి వెళ్ళింది. అమ్మ వెనకాలే మెట్లెక్కింది. మొదటి మలుపులో అమ్మ ఆగింది, వంగింది, పట్టీ మీద వేళ్ళాడించింది, పట్టీ బాగానే ఉంది. అడగలేదు. అమ్మా, నీకు ఆయాసమొస్తోందా, ఎంత చిన్న మాట. అడిగితే అది నిజమైపోతుందనిపించింది. అడగనంత కాలం అది చెప్పు. ఇవాళ కాదు, పరీక్షలయ్యాక, అనుకుంది. పరీక్షలయ్యాయి. ఊరివాళ్ళందరి చేతులకూ పట్టీ చుట్టిన చేయి అమ్మ చేతికి ఇంతవరకూ చుట్టలేదు.

మంచం మీది మనిషి అటు నుంచి ఇటు తిరిగాడు. కళ్ళు తెరవకుండానే, కొండబండి వచ్చిందా అమ్మాయ్, అన్నాడు. ఇంకా లేదండి. వస్తుందిలే, అని మళ్ళీ నిద్రలోకి జారాడు. లే అన్న ఆ చిన్న తోక ఎంత ధైర్యం చెబుతుందో, ఎంత అబద్ధం చెబుతుందో.

డ్రైవర్ల ఫోన్లు డ్యూటీ ఎక్కేముందు కంట్రోలరు దగ్గర పెట్టి వెళ్ళాలి, అదిక్కడి నియమం. ఆయన ఫోను కంట్రోలరు బల్ల సొరుగులో మిగతావాటి మధ్య పడుకుని ఉంది, ఒకసారి మోగి ఆగింది కూడా. కండక్టరు దగ్గర ఫోను ఉంటుంది. వ్యాను వెళ్ళిన కాసేపటికి ఆమె కంట్రోలరు గదికి వెళ్ళి, పరీక్ష సంగతి ఒకటి అడగాలి అంటే ఆయన కండక్టరు నంబరు కలిపిచ్చాడు. కండక్టరమ్మ ఎత్తింది. వెనక కప్పుల చప్పుడు, నవ్వులు. కొండ మీద టీకి ఆగాము డాక్టరమ్మా, ఇదిగో పక్కనే ఉన్నాడు, ఇవ్వమంటారా, అంది. ఇవ్వండి అనాలి. ఇవ్వండి అంటే ఆయన గొంతు వస్తుంది, వస్తే చెప్పాలి, బాబాయ్, మీరు బండి దిగి అక్కడే కూర్చోండి అని చెప్పాలి. చెబితే ఆయన గుండె ఎలా కొట్టుకుంటుంది, భయానికి పోటు ఇంకా లేస్తుంది కదా, కొండ మీద ఆసుపత్రి లేదు కదా, అంతమంది జనం నడిరోడ్డు మీద చిక్కుకుంటారు కదా, అసలు తన అనుమానమే అనుమానమైతే. ఇన్ని 'కదా'లు ఒక్క ఊపిరిలో పుట్టాయి. వద్దండి, ఊరికే, ఎలా ఉన్నారో అడుగుదామని, అంది. బ్రహ్మాండంగా ఉన్నాడు, మెడ నొప్పని విసుక్కుంటున్నాడు గాని నోరు మాత్రం ఆగట్లేదు, అని కండక్టరమ్మ నవ్వి పెట్టేసింది. మెడ నొప్పి. పోటు మరీ పెరిగితే వచ్చే నొప్పి కావచ్చు, ఆ మాట ఫోను పెట్టేశాక వినబడింది. మళ్ళీ కలిపించేసరికి బస్సు కదిలి కొండ అవతలికి పోయింది, ఆ తర్వాత ఎన్నిసార్లు కలిపినా అందుబాటులో లేదన్న మాటే. అప్పుడు మేడమ్‌కు చేసింది, ఉన్నదున్నట్టు చెప్పింది.  బండి రాగానే దించు, నేను బయల్దేరుతున్నాను, అంది మేడమ్, తిట్టలేదు.

కంట్రోలరు అప్పుడే అంతా విన్నాడు. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, పోయిన ఏడాది ఇలాగే పరీక్షలో పోటు ఎక్కువుందని ఒకడికి చక్రం తీసేశారమ్మా, అన్నాడు. చక్రం అంటే స్టీరింగు. ఇప్పుడు షెడ్డులో టైర్లకు గాలి పడతాడు. బస్సులు పోతుంటే తలెత్తడు, వాటికేసి చూస్తే కన్ను పోతుందన్నట్టు. అందుకే డాక్టర్లు వస్తున్నారంటే మావాళ్ళు పెద్దావిడ దగ్గరికి పోరు, పిల్లల వరసలో నిలబడతారు. అలా నిలబడ్డాడా ఆయన. మేడమ్ వరస ఖాళీగా ఉన్నా తన పొడుగు వరసలో నిలబడింది అందుకా. త్వరగా తల్లీ అన్నది అందుకా. తన తొందరను ఆయన ముందే చూసి, నమ్ముకుని, ఆ తొందరలోనే చేయి పెట్టాడా. అయితే తప్పు సగం ఆయనది, అన్న ఆలోచన తీపిగా వచ్చింది. వచ్చినంత వేగంగా ఆమె దాన్ని నెట్టేసింది. భయపడి వచ్చిన మనిషి భయాన్ని తగ్గించడానికా, చూడటానికా తాను కూర్చున్నది.

ఇప్పుడు ఆయన ఎక్కడ. చక్రం మీద ఆ రెండు చేతులు, మడత గీతకు అటూ ఇటూ రెండు రంగులు. మెడ వెనక నొప్పి, ఎడమ చేత్తో ఒకసారి రుద్దుకుంటాడు, కుడి చేత్తో మలుపు తిప్పుతాడు. లోపల, ఎవరికీ వినబడని చోట, గట్టిపడిన గోడల మధ్య నెత్తురు తోసుకుపోతోంది, తలలోని ఏదో ఒక సన్నపాటి నాళం ఇంకెంత కాలం తట్టుకుంటుందో అది ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు. బస్సులో మనుషులకు మొహాలు లేవు, మొహాలు లేకపోతే భరించవచ్చు గాని ఆమె మనసు ఒక్కొక్కటే అతికిస్తోంది. కిటికీ పక్క ఒక తాత, ఒళ్ళో పసిబిడ్డతో ఒక తల్లి, మూడో వరసలో కాళ్ళ దగ్గర కూరల సంచి పెట్టుకుని, వంగి చెప్పు సర్దుకుంటూ, వద్దు. లేచి నిలబడింది. గదిలో అటు నడిచింది, ఇటు నడిచింది. వస్తే చాలు. రానీ. ఆయన తిట్టనీ, డిపో అంతా నవ్వనీ, మేడమ్ ఈ ఏడాది తప్పించనీ, వస్తే చాలు. ఎవరిని వేడుకుంటోందో తెలియదు, గోడ మీది బొమ్మనైతే కాదు.

హారను. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. కంట్రోలరు తన గదిలోంచి, వచ్చాడమ్మా, అన్నాడు. దుమ్ము కొట్టుకుని కొండబండి మెల్లగా తిరిగి, గోడవారన ఆగింది. దారిలో ఒక లారీ అడ్డం పడి ఆగామని కండక్టరమ్మ దిగుతూనే చెబుతోంది. ఆయన దిగాడు. మెట్టు మీద ఒక క్షణం నిలబడి, మెడ వెనక చేయి వేసి, తల అటూ ఇటూ తిప్పి, దిగాడు.

"ఏం డాక్టరమ్మా, ఇంకా ఇంటికి పోలేదా? మా మంచాలు నచ్చినట్టున్నాయి."

మీ కోసమే ఉన్నాను బాబాయ్, అంది. నాకోసం మా ఆవిడే ఎదురుచూడటం మానేసింది, నువ్వెందుకు తల్లీ, అన్నాడు నవ్వుతూనే. ఆమె సంచి గుండెలకు హత్తుకుని నిలబడింది. 

"పొద్దున నేను తప్పు చూశాను బాబాయ్. మళ్ళీ చూడాలి. తేడా ఉంటే మీరివాళ రెండో ట్రిప్పు వెళ్ళకూడదు."

నవ్వు వెంటనే పోలేదు; మొహం మీద కాసేపు ఒంటరిగా మిగిలి, తర్వాత పోయింది. ఆయన కంట్రోలరు గదివైపు చూశాడు, షెడ్డువైపు చూశాడు, ఆమెను చెయ్యి ఊపి లోపలికి రమ్మని, విశ్రాంతి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"కొండెక్కి దిగి వచ్చాను కదా, బానే ఉన్నాను కదా. పొద్దున చెప్పిందే ఉండనీ తల్లీ. నీకూ మాట రాదు, నాకూ బండి ఉంటుంది."

అందులో బెదిరింపు లేదు. ఇంట్లో చిన్నపిల్లను పిలిచి, మీ పిన్నితో చెప్పకేం, అన్నట్టుంది. అది ఎంత మంచి దారో ఆమెకు తెలుసు. మేడమ్ దారిలో ఉంది, కంట్రోలరు విన్నాడు, దాగదని తెలిసినా ఆ దారి ఒక్క క్షణం మెరిసింది.

"మీరు కొండ మీద టీ తాగుతున్నప్పుడు ఫోను చేసింది నేనే బాబాయ్. మిమ్మల్ని దిగమని చెప్పాల్సింది. భయపడి చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకపోతే..."

  ఆయన మంచం మీద కూర్చుని, గుండీ విప్పి, చొక్కా చేయి తనే మడిచాడు. వేళ్ళు మణికట్టు మీద ఉంచితే నాడి తాడులా గట్టిగా ఎగిరి తగిలింది. ఆయన్ని కాస్త ఊపిరి తీసుకోనిచ్చింది. పట్టీ బిగించి బుడ్డి నొక్కింది, నూట డెబ్బై దాటింది, నాడి ఉంది, నూట తొంభై దాటింది, ఉంది, రెండు వందలు దాటింది, వేళ్ళ కింద ఇంకా కొట్టుకుంటూనే ఉంది, ఎంతకూ ఒప్పుకోనట్టు. రెండు వందల ఇరవై దగ్గర పోయింది. ఇంకొంత కొట్టి, వదులుతూ విన్నది. చప్పుడు అక్కడే ఉంది, ఉదయం కూడా అక్కడే ఉండి ఉంటుంది. తర్వాత అది ఆగింది, ముల్లు మాత్రం వణుకుతూ దిగింది, కింద మళ్ళీ తట్టింది. ఆమె చెవుల్లోంచి గొట్టాలు తీసింది.

"ఎంత?"

"రెండు వందల పద్దెనిమిది, బాబాయ్. కింది అంకె నూట పన్నెండు."

 మూల మంచం మీది మనిషి ఎప్పుడు లేచాడో లేచి కూర్చుని, నేల చూస్తున్నాడు. బయట కండక్టరమ్మ, రెండో ట్రిప్పుకు ఎవరొస్తున్నారు అని కేక వేసింది, కంట్రోలరు ఏదో చెప్పాడు, ఇంకెవరి పేరో పిలిచాడు. ఆ పేరు విని ఆయన తలెత్తాడు. వదులైన పట్టీని తనే విప్పి ఆమె చేతికిచ్చాడు, లేస్తాడనుకుంది. లేవలేదు. కాస్త పక్కకు జరిగి, రెండో చేతి చొక్కా గుండీ వెతుక్కుంటూ, అది చేతికి చిక్కక రెండుసార్లు తడుముకుని, విప్పి, మెల్లగా పైకి మడిచాడు.

"ఈ చెయ్యి కూడా ఒకసారి చూడు తల్లీ."

ఆ చేయి ఏం చెబుతుందో ఆమెకు తెలుసు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో అందుకుంది.